పెద్దయ్యాక సైకిల్ కొనడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసులో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, ఆఖరికి పెళ్లి భోజనాల దగ్గర కూడా నన్ను సైకిళ్ల గురించే అడుగుతారు. నేను మెకానిక్‌ని కాను, నాకు షాపూ లేదు. ఆరేళ్లలో నాలుగు సైకిళ్లు కొన్నాను, వాటిలో రెండు తప్పు బేరాలు. నా అర్హత అదే. ఇక్కడ రాసినదంతా 20 వేల లోపు బడ్జెట్ ఉన్నవాళ్ల కోసం. లక్ష పెట్టేవాళ్లకు సలహాలు చెప్పడానికి చాలామంది ఉన్నారు.

బడిలో తొక్కిందే. పాతికేళ్ల తర్వాత మళ్లీ ఎక్కితే తొక్కగలనా?

తొక్కగలరు. బ్యాలెన్స్ ఎక్కడికీ పోదు. పోయేది రోడ్డు అలవాటు. వెనక్కి తిరిగి చూస్తున్నప్పుడు హ్యాండిల్ కూడా అటే తిరిగిపోతుంది, ఒక చెయ్యి తీసి సిగ్నల్ ఇద్దామంటే భయమేస్తుంది. మొదటి వారం రోజులు తెల్లవారుజామున కాలనీ రోడ్ల మీదే తిరగండి. గుండె సమస్యో మోకాళ్ల నొప్పో ఉంటే ముందు డాక్టర్‌తో ఒక మాట అనుకోండి.

నాకు అసలు సైకిలే రాదు. ఇప్పుడు నేర్చుకోవచ్చా?

మా ఆవిడ 41 ఏళ్లకు మా సెల్లార్‌లో నేర్చుకుంది. వెనక ఎవరూ పట్టుకోలేదు. పెడళ్లు రెండూ విప్పేశాం. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత కిందికి సీటు దించాం. కాళ్లతో నేలను నెట్టుకుంటూ ముందుకు పోవడమే పని. కాసేపు పోయాక పాదాలు వాటంతటవే గాల్లోకి లేస్తాయి. బ్యాలెన్స్ వచ్చినట్టే. అప్పుడు పెడళ్లు బిగించాం. మొత్తం రెండు ఆదివారాలు పట్టింది.

ఎంత డబ్బు పెట్టుకోవాలి?

నల్ల రంగు స్టాండర్డ్ సైకిల్, అంటే పాలవాళ్లు తొక్కే రకం, సుమారు 5 నుంచి 7 వేలు. గేర్లు లేని సిటీ సైకిల్ 7 నుంచి 10 వేలు. పనికొచ్చే గేర్ల సైకిల్ కావాలంటే 13 వేల దగ్గర మొదలవుతుంది. ఊరిని బట్టి, షాపుని బట్టి అటూ ఇటూ అవుతుంది.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది మిగతా సామాను. తాళం, ముందు లైటు, వెనక ఎర్ర లైటు, హెల్మెట్, చేతి పంపు కలిపితే రెండు, రెండున్నర వేలు అవుతుంది. ఈ రోజుల్లో చాలా మోడళ్లకు స్టాండు, మడ్‌గార్డులు, బెల్లు కూడా విడిగానే కొనాలి. అందుకే మీ దగ్గర పది వేలుంటే సైకిల్‌కు ఉన్నవి ఏడున్నర వేలే అనుకోండి.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఎంత వేశారో చూసుకోండి. పక్కా బిల్లు తీసుకోవడానికి అదొక్కటే కారణం కాదు, మిగతాది తర్వాత చెప్తాను.

9 వేలకే 21 గేర్లు, ముందూ వెనకా సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, లావు టైర్లు. ఇంతకంటే ఏం కావాలి?

నా మొదటి తప్పు బేరం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఒక కంపెనీ సైకిల్ తయారు చేసి, టాక్సు కట్టి, షాపువాడికి లాభం ఇచ్చి 9 వేలకు అమ్మాలి. ఆ డబ్బులో ఫ్రేము, రెండు చక్రాలు, చైను, బ్రేకులు, సీటు అన్నీ రావాలి. వాటితో పాటు రెండు సస్పెన్షన్లు, రెండు డిస్కులు, గేర్ల సెట్టు కూడా ఇరికించాలంటే దేన్లో కోత పెడతాడు? అన్నిట్లోనూ పెడతాడు. పైన పటారం, లోన లొటారం.

నాది చూడటానికి మోటార్ సైకిల్‌లా ఉండేది. పెడల్ నొక్కిన ప్రతిసారీ వెనక స్ప్రింగు కుంగేది. నా కాళ్ల బలంలో సగం రోడ్డుకు కాక స్ప్రింగుకే పోయేది. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కులోనూ ఉన్నది స్ప్రింగే. గుంటలో పడితే ఠక్కున కొట్టుకునేది, బరువు మాత్రం బోలెడు. చక్రం కొంచెం పక్కకు జరిగినా డిస్కు ప్యాడుకు రాసుకుని కీచుమనేది. మూడో నెలకల్లా వెనక ఉన్న ఏడు గేర్లలో నాలుగే పడుతున్నాయి. మా మియాపూర్ మెకానిక్ దాన్ని స్టాండు మీద పెట్టి, వెనక చక్రం ఒకసారి తిప్పి, "అన్నా, ఇది సూస్తందుకే బాగుంటది" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

ఈ బడ్జెట్‌లో సస్పెన్షన్ లేని గట్టి ఫోర్కు, రిమ్మును పట్టుకునే వీ-బ్రేకులు ఉన్నదే తీసుకోండి. వీ-బ్రేకు రబ్బర్లు అరిగితే ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, మార్చడం పది నిమిషాల పని. గతుకుల రోడ్డుకు మందు స్ప్రింగు కాదు, కాస్త వెడల్పు టైరు. 35 నుంచి 45 మిల్లీమీటర్ల టైరులో గాలి సరిగ్గా ఉంటే మన రోడ్లకు సరిపోతుంది.

గేర్లు కావాలా, వద్దా?

మీ ఊరిని అడగండి. భీమవరం, అమలాపురం, తెనాలి లాంటి డెల్టా ఊళ్లలో కాలవ గట్టు వెంబడి ఎంత దూరం పోయినా నేల చదునే. పెద్ద ఎత్తు అంటే వంతెన ఎక్కడమే. అక్కడ గేర్లు అనవసరపు ఖర్చు, చెడిపోయే సామాను. విశాఖలో అయితే బీచ్ రోడ్డు వరకే అనుకుంటే గేర్లు లేకపోయినా నడుస్తుంది. కైలాసగిరి, సింహాచలం వైపు చూస్తే మాత్రం కావాలి. హైదరాబాద్ రాళ్ల మీద కట్టిన ఊరు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ దారుల్లో గేర్లు లేకుండా రోజూ తొక్కమని ఎవరికీ చెప్పను.

గేర్లు తీసుకుంటే 21 అనే అంకెకు పడిపోకండి. ముందు 3 పళ్ల చక్రాలు, వెనక 7, గుణిస్తే 21. వాటిలో చాలావరకు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి, కొన్ని చైను అడ్డంగా సాగుతుందని వాడకూడనివి. ముందు ఒకటే, వెనక ఏడు ఉన్నది నా లెక్కలో మేలు. కేబుల్ ఒకటి తక్కువ, గొడవ సగం తక్కువ. చూడాల్సింది గేర్ల లెక్క కాదు, వెనక ఉన్నవాటిలో అతి పెద్ద పళ్ల చక్రం ఎంత పెద్దదని. అది పెద్దదయితే ఎత్తు తేలిక.

షాపువాడు "26 సైజు తీసుకోండి సార్, పెద్దవాళ్లకు అదే" అంటున్నాడు. కరెక్టేనా?

అతను చెప్పేది చక్రం సైజు. మీకు కావాల్సింది ఫ్రేము సైజు. సైకిల్ కొనడంలో ఇంతకంటే పెద్ద తికమక లేదు. 26 అంగుళాల చక్రంతో పొట్టి ఫ్రేమూ వస్తుంది, పొడుగు ఫ్రేమూ వస్తుంది.

ఇంట్లోనే కొలుచుకోండి. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడండి. ఒక లావు పుస్తకం కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నట్టు పైకి గట్టిగా నొక్కండి. నేల నుంచి పుస్తకం పై అంచు దాకా ఇంకొకరిని టేపుతో కొలవమనండి. షాపులో సైకిల్ మధ్య కడ్డీకి రెండు వైపులా కాళ్లు వేసి నిలబడినప్పుడు, ఆ కడ్డీ మీ కొలత కంటే కనీసం రెండు మూడు సెంటీమీటర్లు కిందికి ఉండాలి. హఠాత్తుగా దిగాల్సి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఉజ్జాయింపుగా 5 అడుగుల 3 అంగుళాల మనిషికి 16 లేక 17 అంగుళాల ఫ్రేము, 5 అడుగుల 7 అంగుళాలకు 18, ఆరడుగులకు 20 సరిపోతుంది. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి కూర్చుని చూడకుండా కొనకండి.

సీటు ఎంత ఎత్తులో ఉండాలి? కూర్చుంటే కాళ్లు నేలకు ఆనాలి కదా?

ఆనక్కర్లేదు. సీటు కిందికి పెట్టుకుని, మోకాళ్లు ఛాతీ దాకా వచ్చేలా తొక్కేవాళ్లే "సైకిల్ తొక్కితే మోకాళ్లు పోతాయి" అని ఊరంతా చెప్తారు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు మడమ కాదు, పాదం ముందు భాగం పెడతాం కాబట్టి మోకాలు తగినంత వంగుతుంది. అంతే కొలత. ఆగినప్పుడు సీటు మీంచి ముందుకు దిగి నిలబడటం రెండు రోజుల్లో అలవాటవుతుంది. ఎత్తు కుదిరాక సీటు కింది గొట్టం మీద మార్కర్‌తో గీత గీయండి. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని దించేస్తారు.

చీరతోనో చుడీదార్‌తోనో తొక్కాలంటే?

మధ్య కడ్డీ కిందికి వంగి ఉండే లేడీస్ సైకిల్, పూర్తి చైను కవరు, వెనక చక్రానికి బట్ట చిక్కుకోకుండా జాలీ. ఈ మూడూ ఉన్నది చూడండి. మోకాలు, నడుము పట్టేసే మగవాళ్లకూ ఈ ఫ్రేమే హాయి. మా నాన్న 68 ఏళ్లకు దీనికి మారాడు. మొదటి రెండు రోజులే మొహమాటపడ్డాడు.

నా బరువు 98 కిలోలు. ఆగుతుందా?

ఫ్రేము ఆగుతుంది, మొదట మొరాయించేది వెనక చక్రం చువ్వలే. మాన్యువల్‌లో ఎంత బరువు దాకా అని రాసి ఉంటుంది, అది చూశాకే డబ్బు కట్టండి. వెనక చక్రానికి 36 చువ్వలు ఉన్నది 32 ఉన్నదాని కంటే మేలు. సన్న టైర్లు వద్దు. నెల తర్వాత చువ్వలన్నీ ఒకసారి బిగించి, చక్రం బెండు తీయించండి.

ఆన్‌లైన్‌లో తక్కువకే వస్తోంది. కొనొచ్చా?

కొనొచ్చు, కానీ డబ్బాలో వచ్చేది పూర్తి సైకిల్ కాదు. హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్లు, సీటు మనమే బిగించుకోవాలి. అసలు ప్రమాదం అక్కడే.

నా రెండో సైకిల్ అలా వచ్చింది. దగ్గర్లోని ఒక షాపుకి తీసుకెళ్తే కుర్రాడు పావుగంటలో బిగించి ఇచ్చాడు. ఇంటికొచ్చేసరికి ఎడమ పెడల్ ఊగుతోంది. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, కుడి పెడల్ మర అందరికీ తెలిసిన దిక్కులో బిగుస్తుంది, ఎడమ పెడల్ మర దానికి రివర్సు. పెడల్ ఇరుసు చివర ఎల్, ఆర్ అని సన్నగా చెక్కి ఉంటుంది. ఆ కుర్రాడు అటుది ఇటు పెట్టి, ఎక్కకపోతే పానాతో బలవంతంగా తిప్పేశాడు. ఇనుప పెడల్, అల్యూమినియం క్రాంకు (పెడల్ బిగించే కాడ). క్రాంకు మర మొత్తం చెరిగిపోయింది. సరిచేస్తామని ఇంకో షాపులో మళ్లీ మర కొట్టారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు క్రాంకు సెట్టే మార్చాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో మిగిలిందంతా అక్కడ పోయింది.

ఎవరు బిగించినా మీరు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ముందు ఫోర్కు కింది చివర ముందుకు వంగి ఉండాలి, వెనక్కి తిరిగి ఉంటే తిప్పి బిగించారన్నమాట. కొత్త సైకిళ్లలో కూడా ఇది చూశాను. ముందు చక్రం రెండు కాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పితే జారకూడదు. బ్రేకు గట్టిగా నొక్కితే లీవరు హ్యాండిల్‌కు తగలకూడదు. చక్రం తిప్పి బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు చూడండి, అది పెరుగుతూ తగ్గుతూ ఉంటే బెండు ఉంది.

మీ వీధి షాపులో ఐదారు వందలు ఎక్కువ చెప్పినా నేను అక్కడే కొంటాను. మొదటి సర్వీసు ఫ్రీగా చేస్తాడా అని ముందే అడిగి, బిల్లు మీదే రాయించుకోండి.

పాతది కొంటే?

ఈ బడ్జెట్‌లో నా మొదటి సలహా అదే. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పిల్లలు అమెరికా వెళ్లాక దుమ్ము పట్టిన సైకిళ్లు ఎన్నో ఉంటాయి. 15 వేల సైకిల్ ఆరేడు వేలకు ఇచ్చేస్తారు.

చూడటానికి వెళ్లేటప్పుడు ఒక టేపు, ఒక పాత గుడ్డ పట్టుకెళ్లండి. గుడ్డతో ఫ్రేము అతుకులు తుడవండి. ముఖ్యంగా హ్యాండిల్ కింద రెండు కడ్డీలు కలిసేచోట. పెయింట్ వెంట్రుక మందాన చీలి ఉంటే అది గీత కాదు, పగులు. అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి. తర్వాత పెడల్ కాడలు రెండూ పట్టుకుని పక్కకు ఊపండి. కదిలితే లోపల గుండ్లు, కప్పులు అరిగినట్టు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకీ వెనక్కీ నెట్టండి, హ్యాండిల్ మెడ దగ్గర టకటకమనకూడదు. ఈ రెండూ బాగుచేయించుకోదగ్గవే, బేరంలో తగ్గించమనండి.

టేపు చైను కోసం. ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే కొత్త చైను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మీదికి వస్తుంది. ఆ పిన్ను అంగుళంలో పదహారో వంతు దాటి జరిగి ఉంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు జరిగి ఉంటే పళ్ల చక్రాలూ పోయినట్టే, ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి. టైర్లు కదలకుండా ఉండి పక్కల బీటలు వారి ఉంటాయి, ఎలాగూ మార్చాల్సిందే.

పెడళ్ల దగ్గర ఫ్రేము అడుగున నంబరు కొట్టి ఉంటుంది. పాత బిల్లుంటే దానితో సరిచూడండి. బిల్లు లేకపోతే అమ్మినట్టు ఒక కాగితం మీద, నంబరుతో సహా రాయించుకోండి. దొంగ సైకిల్ తక్కువకు వచ్చిందని సంబరపడితే స్టేషన్ మెట్లెక్కాల్సింది మీరే. మీ కొత్త సైకిల్ పోయినా కంప్లయింట్‌కు పనికొచ్చేవి ఆ నంబరూ బిల్లే. పక్కా బిల్లు అన్నది అందుకే.

ఏ కంపెనీ?

ఇది అందరూ మొదట అడిగే ప్రశ్న, నేను చివర్లో చెప్పే జవాబు. హీరో, ఏవన్ లూధియానావి. బీఎస్ఏ, హెర్క్యులస్ పేర్లు ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్‌లో పుట్టినవే అయినా మనకు వచ్చేవి 1949లో మొదలైన మద్రాసు టీఐ సైకిల్స్ నుంచి. ఫైర్‌ఫాక్స్‌ను 2015లో హీరోనే కొనేసింది. డెకాథ్లాన్ వాళ్ల సైకిళ్లు వాళ్ల సొంత స్టోర్లలో దొరుకుతాయి. మన నాన్నల కాలంలో అట్లాస్ ఉండేది. ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో దాని ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం!

కంపెనీ కంటే మీ ఊళ్లో ఏది బాగుచేస్తారన్నది ముఖ్యం. కొనే ముందు మీ వీధి మెకానిక్‌కు ఫొటో చూపించండి. అతను మొహం చిట్లిస్తే ఆలోచించండి.

టైర్లు, ట్యూబులు మా ఊళ్లో దొరుకుతాయా?

టైరు పక్కన రాసినది చదవడం నేర్చుకోండి. 26 x 1.95కూ 26 x 1 3/8కూ రెండిటికీ 26 అనే పేరు, కానీ ఒకదాని టైరు ఇంకోదాని రిమ్ముకు ఎక్కదు. స్టాండర్డ్ సైకిల్ 28, హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్య రకం) 700సి కూడా అలాగే, చూడటానికి దగ్గరగా ఉన్నా ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు. మొదటిదాని రిమ్ము అడ్డకొలత 635 మిల్లీమీటర్లు, రెండోదానిది 622. టైరు మీద 37-622 లాంటి అంకె ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. షాపులో అదే చూపించండి.

చిన్న ఊళ్లో ఉంటే బైకు ట్యూబు లాంటి వాల్వు ఉన్నది మేలు, పెట్రోలు బంకులో కూడా గాలి కొట్టించుకోవచ్చు. అనంతపురం, కర్నూలు వైపు పొలం గట్ల మీద తొక్కేవాళ్లకు పల్లేరుకాయలు, తుమ్మ ముళ్ల గురించి నేను చెప్పాల్సిన పని లేదు. అక్కడ సన్న టైర్ల జోలికి పోకండి, ప్యాచీ సామాను సీటు కింద పెట్టుకోండి.

ఎలక్ట్రిక్ సైకిల్ కొంటే లైసెన్సు కావాలా?

మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ 20 వేల లోపు కొత్తది మంచిది రావడం కష్టం. బ్యాటరీ మార్చడానికి ఎంత అవుతుందో అడిగి, ఆ జవాబు విన్నాక నిర్ణయించుకోండి.

ఎక్కడ తొక్కాలి? రోడ్ల మీద భయం.

భయపడటంలో తప్పేం లేదు. హైదరాబాద్ పడమటి వైపు ఉన్నవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబరు 1న తెరిచారు, పైన సోలార్ పలకల కప్పు. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు నుంచి వెళ్లొచ్చు. మండుటెండలో కూడా నీడ. మిగతా ఊళ్లలో పొద్దున ఆరు గంటల లోపు రోడ్డే ట్రాక్.

కొన్నాక ఏం చేస్తూ ఉండాలి?

వారానికోసారి గాలి. ఎంత కొట్టాలో టైరు మీదే రాసి ఉంటుంది. సగం మంది గాలి తక్కువతో తొక్కి సైకిల్ బరువని తిట్టుకుంటారు. నెలకోసారి చైను గుడ్డతో తుడిచి చుక్క చుక్కగా ఆయిల్, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి. కొబ్బరి నూనె వద్దు, దుమ్ము పట్టి బంకలా తయారవుతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఇది పదిహేను రోజులకోసారి. ఏడాదికోసారి ఓవరాయిలింగు. అసలు మాట ఓవర్‌హాలింగ్ అని నాకూ తెలుసు, కానీ మా మెకానిక్‌తో అలా అంటే అర్థం కాదు.

సీటు నొప్పి పుడుతోంది. మెత్తటి కవరు కొననా?

మూడు వారాలు ఆగండి. కూర్చునే ఎముకలు అలవాటు పడాలి. అప్పటికీ తగ్గకపోతే సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూడండి.

ఇంతకీ మీరు తొక్కేది ఏది? ఒకసారి తొక్కి చూడొచ్చా?

పాత హైబ్రిడ్. గట్టి ఫోర్కు, ముందు ఒకటి వెనక ఏడు గేర్లు, వీ-బ్రేకులు. మా పక్క బ్లాకులో 6,500కి కొన్నాను. చైను, రెండు టైర్లకు ఇంకో 1,900 అయింది. వెనక మడ్‌గార్డు గుంటల్లో ఇప్పటికీ గలగలమంటుంది. రండి, తొక్కండి. సీటు మీ ఎత్తుకు మార్చుకోండి, గొట్టం మీద గీత ఉంది కాబట్టి తర్వాత నేను మళ్లీ పెట్టుకుంటాను.